చప్పుడు చేయని కంప్యూటర్

లిఫ్టులు బాగుచేసేవాడికి చెవే సగం పనిముట్టు. ఏ మేడలోకి అడుగుపెట్టినా మన మెకానిక్ ముందు నోరు తెరవడు, చెవి ఒగ్గుతాడు. కీచుమంటే ఒక జబ్బు, గరగరలాడితే ఇంకో జబ్బు. యంత్రానికి చప్పుడంటే మూలుగేననీ, మూలగనిదే మంచి యంత్రమనీ ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకమే చివరికి ఆయన కొంప ముంచింది.

ఇంట్లో పడకగది మూల ఒక పాత కంప్యూటర్ ఉండేది. ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసే బావమరిది అక్కడా ఇక్కడా ఏరుకొచ్చిన సామాన్లతో బిగించి ఇచ్చాడు. కూతురు బుజ్జికి ఊపిరితిత్తులు పాడైన రోజులవి. పిల్ల వేలికి పెట్టిన క్లిప్పు నుంచి ఆక్సిజన్ అంకె తీసుకోవడం, అది తగ్గితే తల్లి, తండ్రి, మేనమామ ముగ్గురి ఫోన్లూ మోగించడం దాని పని. బుజ్జి పోయి రెండేళ్లయింది. మంచం తీసేశారు, మందులు తీసేశారు. కంప్యూటర్ని మాత్రం ఎవరూ కట్టెయ్యమనలేదు, ఎవరూ కట్టెయ్యలేదు.

ఆ తరవాత భార్య రొట్టెల బట్టీలో రాత్రి పనికి కుదిరింది. పొద్దున్నే వచ్చి ఆ గదిలోనే, ఆ మూలకే తల పెట్టి పడుకునేది. ఇంకెక్కడ పడుకున్నా ఆమెకు కన్ను మూతపడేది కాదు. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. పుండు మీద చెయ్యి వెయ్యకపోతే అదే మానుతుందనుకునే మనిషి ఆయన.

ఒకరోజు ఆ ముసలి కంప్యూటర్ కాలిన వాసన వేసి ఆగిపోయింది. బావమరిది విప్పి చూసి, ప్రాసెసరూ మదర్‌బోర్డూ రెండూ పోయాయి, డిస్కు ఒక్కటే బతికుందన్నాడు. ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. పగలంతా గోడకేసి చూస్తూ పడుకునేది. బట్టీ దగ్గర తూలి అరచెయ్యి కాల్చుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ మూల మళ్లీ కంప్యూటర్ వెలగకపోతే తనకు మనిషి దక్కదని మెకానిక్‌కి భయం పట్టుకుంది.

బావమరిదిని వెంటబెట్టుకుని కంప్యూటర్ షాపుకి వెళ్లాడు.

"ఏం పనికి సార్? ఆటలకా, సినిమాలకా? పని చెబితే కదా ఏ ప్రాసెసర్ కావాలో చెప్పేది," అన్నాడు షాపువాడు.

మెకానిక్ అద్దాల బీరువాలోని డబ్బాల వంక కాసేపు చూశాడు. "ఊరికే ఆన్‌లో ఉండాలి. ఎప్పుడూ ఆగకూడదు."

షాపువాడు అమ్మకం మీదున్నాడు, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం లాంటి ప్రాసెసర్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. బావమరిది దాన్ని పక్కకు జరిపి, కరెంటు తక్కువ తాగే చిన్నదాన్ని చూపించాడు. మెకానిక్ లిఫ్టు గురించి అడిగినట్టే అడిగాడు.

"కరెంటు పోయి వస్తే ఎవరూ మీట నొక్కకుండా దానంతట అదే లేస్తుందా?"

"ఈ బోర్డు లేస్తుంది బావా. అందుకే ఇది తీశాను."

"వేడెక్కితే?"

"ఎక్కదు. పైన ఇంత అల్యూమినియం దిమ్మ ఉంటుంది, అదే లాగేసుకుంటుంది."

"చప్పుడు?"

"అసలు ఫ్యానే లేదు. పక్కన పడుకున్నా నడుస్తోందని తెలీదు."

రెండేళ్ల తరవాత మెకానిక్ మొహం మొదటిసారి విప్పారింది. ఇంత మంచి యంత్రం దొరికాక ఇంకేం కావాలనుకున్నాడు పిచ్చి మారాజు.

మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి అంతా బిగించి ఉంది. పాత డిస్కే, పాత ప్రోగ్రామే. తెర మీద అంకె ఉండాల్సిన చోట ఎప్పటిలాగే రెండు గీతలు. ఆమె చూసింది, కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని పడుకుంది. బావాబావమరుదులు ముందుగదిలో గుసగుసగా మాట్లాడుకుంటూ టీ తాగుతున్నారు. కాసేపటికి ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అది ఆగిపోయింది."

"లేదక్కా, నడుస్తోంది. తెర చూడు."

"ఊపిరి ఆగిపోయిందిరా." తలుపు పట్టుకుంది. "కాస్త ఎగిసేది, కాస్త తగ్గేది, మళ్లీ ఎగిసేది. అచ్చం బుజ్జి ఊపిరే. కళ్లు మూసుకుంటే పక్కనే ఉన్నట్టుండేది."

మెకానిక్ గ్లాసు కింద పెట్టేశాడు. రెండేళ్లు అదే ఇంట్లో ఉండి, పాత ఫ్యాను కదా అరిగిపోయి రొదపెడుతోందనుకున్న చెవి ఆయనది. ఆ చెవుల్ని పీకి పారెయ్యాలనిపించింది.

బావమరిది పరుగున పాత ఫ్యాను తెచ్చి కొత్త బోర్డుకు తగిలించాడు. పూర్తి వేగంతో పెడితే ఒకటే ఈల. వేడిని బట్టి తిరిగేట్టు వదిలేస్తే రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది.

"ఎందుకు తిరగదు?" అన్నాడు మెకానిక్.

బావమరిది తల ఎత్తలేదు. "ఆ ప్రోగ్రాము బుజ్జి వేలి కోసం వెతుకుతుంది బావా. దొరక్కపోతే కాసేపాగి మళ్లీ వెతుకుతుంది. నేనే అలా రాశాను, ఆపమని ఎక్కడా రాయలేదు. పాత ప్రాసెసర్‌కి వెతికినప్పుడల్లా ఆయాసం వచ్చి వేడెక్కేది, ఫ్యాను ఎగిసేది. ఇదీ వెతుకుతూనే ఉంది. దీనికది కష్టం కాదు, అంతే."

"కష్టపడేట్టు చెయ్యలేవా?"

"ఏవో పనికిరాని లెక్కలు పెట్టి వేడెక్కించొచ్చు."

"వద్దు," అంది ఆమె. "అది బుజ్జిని వెతకడం కాదు కదా."

వెళ్లి పడుకుంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

బావమరిది వెళ్లిపోయాక మెకానిక్ ఆ మూల నేల మీద కూర్చుని డబ్బాకు చెవి ఆనించాడు. ఎక్కడైనా చిన్న గరగర, ఒక వదులు స్క్రూ, తన చేతికి చిక్కే లోపం ఏదైనా దొరక్కపోతుందా అని ఊపిరి బిగబట్టి విన్నాడు. వెనక మంచం మీద ఆమె కూడా వింటోందని తెలుస్తూనే ఉంది.

ఏ లోపమూ లేదు. ఆయన కొన్నది చాలా మంచి యంత్రం.