గంగక్క పొలి

కోసిగి దగ్గరి ఆ పల్లెలో గంగక్క వస్తోందంటే సగం మంది మగవాళ్లు తువ్వాలు సర్దుకుంటారు, మిగతా సగం మంది దారి మార్చుకుంటారు. కారణం ఊరందరికీ తెలిసిందే. కర్ణాటక సరిహద్దు దాటించి తెచ్చిన సారాయి ప్యాకెట్లను చిన్న ఈరన్న తన దుకాణంలో గుట్టుగా అమ్ముకునేవాడు. ఓ రోజు గంగక్క ఆడవాళ్లందరినీ వెంటేసుకుని వెళ్లి, ఆ ప్యాకెట్లన్నీ బయటికి లాగి, ఒక్కొక్కటే కొడవలితో కోసి నేల మీద గుమ్మరించింది. దొంగ సరుకాయె, ఈరన్న పోలీసుల దగ్గరికీ పోలేక దుకాణం మూసుకున్నాడు. ఆ సాయంత్రమే గంగక్క మొగుడు గోపన్న తలకు పోసుకుని, ఉరుకుంద ఈరన్న స్వామి మీద ఒట్టేసి, తాగుడు మానుకున్నాడు. అందులో భక్తి కొంత, భయం చాలా.

అలాంటి గంగక్క ఇటలీ దేశంలో ద్రాక్ష కోతకు కుదిరింది. ఏటా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయే గుంపు వాళ్లది. కిందటేడు ఎవరో ఏజెంటును పట్టుకుని ఆ దేశం పోయొచ్చిన హనుమేష్, "మిరపకాయలైతే చేతులు మండుతాయి. ఇవి తియ్యగుంటాయి. అంతే తేడా పెద్దమ్మా" అని ఊరించి మొగుడూపెళ్లాలను వేరే ఊళ్ల కూలీల గుంపులో కలిపి వెంటబెట్టుకుపోయాడు. అన్నన్ని పళ్లు ఏం చేసుకుంటారని గంగక్క అడగనే లేదు. ఎండబెట్టి కిస్‌మిస్ చేస్తారు, ఇంకేం చేస్తారు? ఊళ్లోనూ అదే చెప్పి బయల్దేరింది.

తోట యజమానురాలు రోసా అనే ముసలమ్మ. మొదటి రోజే గంగక్క నోట్లో పడి రోసమ్మ అయిపోయింది. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోయినా, పని ఎగ్గొట్టే వాళ్లను తిట్టడంలో ఇద్దరూ ఒకటే. చీర మీద స్వెట్టరు తొడుక్కుని, పొద్దున్నే చలిలో కత్తెరతో గుత్తులు కోస్తుంటే గంగక్కకు ప్రాణం హాయిగానే ఉంది. అనుమానం వచ్చిందల్లా మొగుడి మీద. ఇంట్లో బిందెడు నీళ్లు తెమ్మంటే నడుం పట్టేసిందనే మనిషి, ఇక్కడ ద్రాక్ష పెట్టెలు ఎత్తుకుని షెడ్డులోకి పరుగులు పెడుతున్నాడు. పోయినవాడు ఒక పట్టాన బయటికి రాడు.

ఓ మధ్యాహ్నం ఆమె వెనకే వెళ్లింది. గుమ్మంలో అడుగు పెట్టీపెట్టగానే గుప్పున వాసన కొట్టింది. గోపన్న ఓ పెద్ద పీపా పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీలుస్తున్నాడు.

"ఏమయ్యా! ఇది సారాయి కొట్టమా?"

"సారాయి కాదే, వైను. ఒట్టు యాడా తప్పలే. వాసన సూస్తాండా, అంతే."

గంగక్క అక్కడే ఓ ఖాళీ పెట్టె మీద కూలబడింది. కోపం మొగుడి మీద కాదు, తన మీదే. ఊళ్లో సారాయి పారబోసిన చేతులతోనే ఇక్కడ సారాయికి సరుకు కోస్తోంది! వదిలేసి పోదామంటే, కోత నడుమ గుంపును విడిచిపోయిన మనిషిని మళ్లీ ఏ గుంపూ పిలవదు. ఉందామంటే, ఈ సంగతి తెలిసిన మర్నాడే చిన్న ఈరన్న దుకాణం తెరుస్తాడు. అప్పుడు ఆపడానికి తనకు నోరుండదు. సాయంత్రం ఊరి నుంచి మహాదేవి ఫోన్ చేసింది. ఆ రోజు కొడవలి పట్టుకుని గంగక్క పక్కన నిలబడిన మనిషి.

"కిస్‌మిస్ బాగా ఎండుతాందా అక్కా?"

"ఎండుతాంది మే" అంది గంగక్క. అన్నం సయించలేదు.

కోత ముగిసిన రోజు తోటలోనే విందు. బల్లలు వేశారు, పాటలు పాడారు. గుంపులో పెద్దదానికి మొదటి గ్లాసు ఇవ్వడం వాళ్ల ఆనవాయితీ అని హనుమేష్ చెప్పేలోపే రోసమ్మ ఎర్రటి వైను నిండుగా పోసి గంగక్క చేతికిచ్చింది. కాదంటే ఆ ముసలమ్మకు అవమానం. తాగితే తన బతుకే అవమానం. అందరూ గ్లాసులు పట్టుకుని ఆమె కోసమే చూస్తున్నారు. "నీకు కష్టమైతే ఇట్ల తే" అని గోపన్న గొణిగాడు.

గంగక్క గ్లాసు పైకెత్తింది. మన చేలల్లో పంట చేతికొస్తే మొదటి ముద్ద మనిషి నోట్లోకి పోదు. నేలతల్లికి ఆమె పాలుగా పొలి చల్లి, ఆ తర్వాతే మనుషులు తింటారు. గ్లాసు కళ్లకద్దుకుని, "పొలి... పొలి..." అంటూ ద్రాక్ష తీగ మొదలు దగ్గర మొత్తం పోసేసింది.

రోసమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోలీ!" అని తనూ తన గ్లాసు నేలకు పోసింది. ఆమెను చూసి అందరూ పోశారు, చప్పట్లు కొట్టారు.

అయితే హనుమేష్ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన వీడియో గంగక్క గ్లాసు పైకెత్తేదాకే వచ్చి ఆగిపోయింది. ఊరు చూసింది అంతవరకే.

హనుమేష్ అక్కడే ఇంకో పనికి ఆగిపోయాడు. మొగుడూపెళ్లాలు ఊళ్లో ఆటో దిగేసరికి చిన్న ఈరన్న దుకాణానికి కొత్త సున్నం మెరుస్తోంది. ముందర జనం.

"రాక్కా రా! కిస్‌మిస్ ఎట్లుండాది, బాగా ఎక్కిందా?"

ఈరన్న ఎకసెక్కం ఆమెను తాకలేదు. మహాదేవి మాత్రం ముందుకొచ్చి, "మాతో గూడా అబద్ధం చెప్తివా అక్కా?" అంది మెల్లగా. గంగక్కకు ఏడుపొచ్చింది.

"చెప్తిని మే. తప్పే. సారాయికని తెలిసినాక గూడా కోస్తిని. గుంపును ఇడిసి రాలేకపోతిని, మీకు చెప్పనీకె భయపడితిని. కానీ తాగలే. నేలకు పోస్తిని."

"పోసినట్ల సాక్షి ఎవురు?" అన్నాడు ఈరన్న. "రేపే అంగడి తెరుస్తాండా. గోపన్నా, మొదటి ప్యాకెట్టు నీకే, ఊరికే ఇస్తా."

అందరూ గోపన్న వైపు తిరిగారు. అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"శానా ఎర్రగుండె ఈరన్నా. నిండు గ్లాసు, నా కండ్ల ముందరే నేలలోకి ఇంకిపాయ. ఈమెను సూసి రోసమ్మ పోసె, ఆమెను సూసి అందురూ పోసిరి. నా గ్లాసు నా చేతనే పోపిచ్చిరి. పైగా చప్పట్లు!" తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. "నీకు దండం పెడతా, అంగడి తెరవొద్దప్పా. ఈమె మళ్లా వచ్చి పోస్తాది. ఇంగొకసారి సూసే శక్తి నాకు లేదు."

అంత దుఃఖంతో అబద్ధం చెప్పడం గోపన్న వల్ల కాదని ఊరందరికీ తెలుసు. ముందు నవ్వింది మహాదేవే. నవ్వుతూనే వచ్చి గంగక్క చేతిలో సంచి అందుకుంది.