నొప్పి లేదన్న మధ్యాహ్నం

ఆసుపత్రిలో చేరాక పైడన్న నవ్వడం అదే మొదలు. మధ్యాహ్నం వార్డులోకి వచ్చిన నర్సు సస్మితను చూసి, నొప్పి పోయిందని తనే ముందుగా చెప్పాడు.

గోపాల్‌పూర్ తీరంలో చేపలు పట్టే మనిషి. నడుము నొప్పికని కొట్లో కొన్న మాత్రలు ఏళ్ల తరబడి ఖాళీ కడుపున మింగాడు. ఆ తర్వాత ఏం తిన్నా కడుపులో మంటే. మంటకు భయపడి తిండి తగ్గించేశాడు. బరంపురంలోని ఆ చిన్న ఆసుపత్రికి తెచ్చేసరికి లుంగీ నడుమున నిలవడం లేదు. సస్మిత అతని జబ్బ చుట్టూ టేపు పెట్టి కొలిస్తే వేళ్లకు ఎముకే తగిలింది.

నొప్పి పదికి ఎంత అని అడిగినప్పుడల్లా రెండో మూడో అనేవాడు. అలా అంటూనే మంచం ఇనుప పట్టీని బిగించి పట్టుకునేవాడు. ఎక్కువ చెబితే కోసేస్తారని అతని భయమట. ఆ సంగతి భార్య కాసమ్మ చాటుగా చెప్పింది. సస్మితదీ ఆ తీరమే కాబట్టి కాసమ్మను పిన్నీ అని పిలిచేది. ఆ భయం సంగతి తెలిసినప్పటినుంచి సస్మిత పైడన్న మాటను వదిలేసి, ముఖంలో కనిపించిందే డాక్టరుకు చెబుతూ వచ్చింది. మర్నాడు నోటి గుండా గొట్టం వేసి కడుపులోకి చూద్దామని ఆ పొద్దున ఆయన అన్నారు.

"పొద్దున్న ఏటో పొడిసినట్టయింది సిస్టరమ్మా. తరవాత నెమ్మదించింది. ఇప్పుడు ఆకలేస్తంది" అన్నాడు పైడన్న.

కాసమ్మ సంబరంగా కారియరు విప్పి అన్నంలో చేపల పులుసు కలుపుతోంది. గండం గడిచిందని పక్క మంచం వాళ్లు కూడా అన్నారు.

సస్మితకు అది నచ్చలేదు. రోజూ అటూ ఇటూ దొర్లే మనిషి ఇప్పుడు మోకాళ్లు ముడుచుకుని కదలకుండా పడుకున్నాడు. నవ్వుతున్నాడే గాని ఊపిరి పైపైనే ఆడుతోంది. నుదుటి మీద చల్లటి చెమట. నాడి పరుగెడుతోంది. దగ్గమంటే దగ్గలేకపోయాడు. పొట్ట మీద అరచేయి ఆనిస్తే చెక్కలా గట్టిగా ఉంది.

కాసమ్మ ముద్ద చేసి అతని నోటి దగ్గరకు తెచ్చింది. సస్మిత ఆ చేయి పట్టుకుని ఆపింది.

"పెట్టకు పిన్నీ. నీల్లు కూడా వద్దు."

"ఏటమ్మా, ఇన్నాల్లకి ఆకలన్నాడు. నొప్పి నేదంటన్నాడు గదా."

"అదే నాకు బయంగా ఉంది."

డాక్టరు వెంటనే వచ్చారు. ఎక్స్‌రే తీయించారు. కడుపులో పుండు చిల్లుపడిందనీ, అలా పడ్డాక కాసేపు నొప్పి తగ్గినట్టే ఉంటుందనీ, ఆలస్యం చేస్తే మనిషి దక్కడనీ కాసమ్మకు చెప్పారు. స్ట్రెచర్ మీదకు మార్చేటప్పుడు పైడన్న నోట్లోంచి ఒక అరుపు వచ్చింది.

చిల్లు కుట్టారు. అతను కళ్లు తెరిచాడు, కాసమ్మను గుర్తుపట్టాడు. కానీ కుట్టు మానడానికి ఒంట్లో సత్తువ ఏమీ మిగల్లేదు. నరం గుండా బలం ఎక్కించి చూశారు. జ్వరం వచ్చింది, పొట్ట మళ్లీ ఉబ్బింది. వారం తిరక్కుండానే పోయాడు.

కేరళలో పడవ మీద పనిచేస్తున్న కొడుకు సంతోష్‌కు ఫోన్ కలిపి కాసమ్మ దాన్ని సస్మిత చేతిలో పెట్టింది. తండ్రి పోయాడని సస్మితే చెప్పింది. అవతల పడవ ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"బాగా నొప్పి పడ్డాడా అక్కా?" అని అడిగాడు సంతోష్.

లేదని చెబుదామనుకుంది సస్మిత. కాసమ్మ తన ముఖంలోకే చూస్తోంది.

"పడ్డాడు తమ్ముడూ" అంది. "నువ్వు బేగి రా. అమ్మ ఒక్కర్తే ఉంది."