తడిగోడ, ఇనుపవంతెన

పొద్దున్నే మొగుడి మంచం పక్కన రికార్డు పెట్టాకే దర్జీ వదిన పొయ్యి వెలిగించేది. వీధంతా ఆమెను అలాగే పిలుస్తారు.

ఏడాదిగా ఆమె మొగుడు పలచబడిపోతున్నాడు. చిక్కిపోవడం కాదు, పలచబడడమే. చెయ్యెత్తితే అందులోంచి కిటికీ ఊచలు కనబడేవి. డాక్టరు చూసి, దగ్గుమందు రాసినంత మామూలుగా చెప్పాడు: "పాట ఆగనివ్వకండమ్మా. మోగినంతసేపూ ఉంటాడు. దరువున్న పాటలొద్దు. దెబ్బకీ దెబ్బకీ మధ్య సందుంటుంది, అందులోంచి జారిపోతాడు."

అందుకే ఒకే శ్రుతి పట్టుకుని సాగే రికార్డులే ఆ ఇంట్లో మోగేవి. ఒకదాని పేరు తడిగోడ, ఇంకోదాని పేరు ఇనుపవంతెన. తెచ్చేది మరిది, రేడియోలు బాగుచేస్తాడు. తెచ్చి ఊరుకుంటాడా? ఏది గొప్పదో తేలందే టీ ముట్టడు.

ఆ మధ్యాహ్నం కూడా ముందుగదిలో, కుట్టుమిషను దగ్గర మొదలైంది.

"మళ్ళీ ఈ తడిగోడేనా వదినా? ఇనుపవంతెన పెట్టమన్నానా లేదా?"

"నీ వంతెన మొదట్నించీ చివరిదాకా కదలదు. కదలనిదాన్ని ఏమంటారు?"

"నిలకడ అంటారు."

"శవం అంటారు." అనేసి నాలిక్కరుచుకుంది.

"నీ తడిగోడలో ఆ గొణుగుడొకటి! ముసలమ్మ నిద్దట్లో ఎవర్నో తిట్టుకున్నట్టు."

"ప్రాణమంతా అందులోనే ఉంది నాయనా. నిన్న అది మొదలవగానే మీ అన్నయ్య గ్లాసు తనే ఎత్తి తాగాడు. నీ వంతెన మోగిన రోజు చెంచా కూడా పట్టలేకపోయాడు."

"ఆ రోజు జ్వరం. దానికి వంతెనేం చేస్తుంది?"

"వాదన మాని విను ఒకసారి."

మిషను ఆపింది. ఇద్దరూ చెవులు రిక్కించారు.

"విన్నావా? గొణుగుడు కూడా పోయింది. ఒట్టి నేల మిగిలింది. కాళ్ళు ఆనించి నిలబడొచ్చు దీనిమీద."

మరిది కళ్ళు మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమె మాటకు తలొగ్గినవాడు కాదు. "ఒప్పుకున్నా వదినా," అన్నాడు నెమ్మదిగా. "ఇంత శుభ్రమైన శ్రుతి నేనెక్కడా వినలేదు. నువ్వే గెలిచావు."

వదినకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు. కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వాళ్ళ వెనక ఫ్రిజ్ ఒక్కసారి వణికి ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఇంతసేపూ ఇద్దరూ శ్రుతి అనుకుని విన్నది ఆ ఫ్రిజ్ మోతనే.

లోపల రికార్డు ఎప్పుడయిపోయిందో, ముల్లు తన చోటికి తాను పోయి కూర్చుంది. మంచం మీద చొక్కా పడుంది. వదిన చేతుల్లోకి తీసుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది.

మరిది ఇనుపవంతెన పెట్టాడు. తొందరలో ముల్లు గీసుకుంది. అది తీసేసి తడిగోడ పెట్టాడు. గొణుగుడు వచ్చింది, పోయింది. చొక్కా చొక్కాలాగే ఉంది. ఏది మేలో ఇద్దరిలో ఎవరూ అనలేదు.

ముందుగదిలో ఫ్రిజ్ మళ్ళీ మొదలైంది. మరిది ఒక్క ఉదుటున వెళ్ళి దాని తీగ పీకబోయాడు.

"ఉండనియ్," అంది వదిన, చొక్కా మడతపెడుతూ. "లోపల పాలున్నాయి."