నలుగురు నడిపిన కారు

టెస్ట్ అన్న మాట చెవిన పడ్డప్పటి నుంచీ మహిమకు అదే ధ్యాస.

"రేపు ఖమ్మం పోయి టెస్ట్ డ్రైవ్ చేద్దాం. తల్లీబిడ్డలు మంచి బట్టలు తొడుక్కోండ్రి" అని జయరాజ్ అన్నం తింటూ మామూలుగానే అన్నాడు. డ్రైవ్ అంటే ఆమెకు తెలుసు. ఇల్లందు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడిపేవాడి పెళ్ళానికి ఆ మాత్రం తెలియదా! తెలియనిదల్లా టెస్టే. తొమ్మిదిలో ఆగిన చదువాయె. ఆమె ఎరిగిన టెస్టులన్నీ బోర్డు ముందు నిలబెట్టి అడిగేవే, చెప్పలేకపోతే చెయ్యి చాపమనేవే. డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళకు పరీక్షేంది అని కాసేపు, కారంటే మాటలా, అడిగినోళ్ళందరికీ ఇచ్చేస్తారా అని కాసేపు అనిపించింది. మొగుణ్ణి అడిగితే నవ్వుతాడని ఊరుకుంది.

కారు ఎవరికోసమంటే హెప్సిబా కోసం. నాలుగేళ్ళ పిల్ల. ముసురు పట్టినా సరే, బొగ్గు లారీ దుమ్ము లేపుకుంటూ పక్కనుంచి పోయినా సరే, ఛాతిలో పిల్లికూతలు మొదలైతయి. మొన్నటి వానల్లో ఒకరోజు బస్సు దొరక్క, పిల్లను చున్నీలో చుట్టుకుని బండి మీద అడవి తొవ్వంట దవాఖానాకు పోయేసరికి దాని పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగినయి. డాక్టరమ్మ కోప్పడింది. "దుమ్ముల, వానల బండి మీద తిప్పకుండ్రి అంటే వినరేంది?" అంది. ఆ రోజు ఇంటికొస్తూ జయరాజ్ దారిలో ఒక్కటే మాటన్నాడు. "చిన్నదైనా సరే మహీ, అద్దాలు మూసుకునేది ఒకటి కొందాం."

అందుకే పొద్దున్నే పిల్లకు క్రిస్మస్ గౌను తొడిగింది. జుట్టు దువ్వుతూ, "అక్కడ దగ్గొద్దు బిడ్డా. సార్లు చూస్తరు" అని చెప్పింది. హెప్సిబా పెద్దమనిషి లెక్క తలూపింది.

వైరా రోడ్డులో మొదటి షోరూమ్ అద్దాల మేడలా ఉంది. నాగచైతన్య అనే పిలగాడు మెడకు టై బిగించుకుని ఎదురొచ్చాడు. కూర్చోబెట్టి చల్లటి నీళ్ళిచ్చి, ఇక అడగడం మొదలుపెట్టాడు.

"ఎక్కువ ఎక్కడ తిరుగుతరు మేడం? సిటీలోనా, పల్లె రోడ్లలోనా?"

మహిమ లెక్క వేసుకుంది. రెండిట్లో ఏదో ఒకటే సరైన జవాబయి ఉంటుంది. "సిటీలనే" అంది.

జయరాజ్ ఆమె వైపు విచిత్రంగా చూశాడు. "ఏం సిటీ? మనింటి దగ్గర చప్టా మీదికి వాగొస్తే మేకలు గూడ దాటవు."

"అప్పుడప్పుడు" అని సర్దుకుంది మహిమ. ఒక మార్కు పోయిందనుకుంది.

అంతలో నాగచైతన్య, "సార్, మీ లైసెన్స్ ఒకసారి" అని తీసుకుని, జిరాక్సు తీయించి, కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. మహిమకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. పరీక్షే ఇది.

ఎర్ర కారు తెచ్చి నిలబెట్టారు. జయరాజ్ ఎక్కి కూర్చుని, సీటు ఎంత పైకి లేపినా తృప్తి లేక, "గింత కిందికి కూసుంటే తొవ్వ ఎట్ల కనపడుద్ది తమ్మీ? నేల గీసుకుంట పోతున్నట్టుంది" అన్నాడు. మలుపు దగ్గర రోడ్డంతా ఆక్రమించి ఏనుగును తిప్పినట్టు తిప్పాడు.

"సార్, సార్! అంత తిప్పకండి. ఇది ఎప్పుడో తిరిగింది!"

"మా డంపర్ టైరంత లేదు నీ కారు. అలవాటు పోవద్దా?"

వెనక సీట్లో మహిమకు ఇవేవీ ఎక్కడం లేదు. తలుపు వేయగానే ఘాటుగా ఒక వాసన. కొత్త సీట్ల ప్లాస్టిక్ వాసన మీద ఏదో మల్లెపూల సెంటు. ముందు అద్దం దగ్గర చిన్న సీసా ఊగుతోంది. హెప్సిబా ముక్కు నలుపుకుంది. ఒక్కసారి దగ్గి, తప్పు చేసినట్టు తల్లి మొహంలోకి చూసింది.

"పాపకు ఏమైంది మేడం?"

"ఏం లేదు, పొలమారింది."

"ఏసీ పెంచుతా, ఫ్రెష్‌గా ఉంటది" అని అతను మీట తిప్పాడు. సెంటు ఇంకా గుప్పున కొట్టింది.

తరువాత తెల్ల కారు. అందులో గేర్లు అవే పడతాయట. "అవే పడితే ఈయనేం చేస్తడు మరి?" అని మహిమ పైకే అనేసింది. నాగచైతన్య బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, మైలేజీ అని ఏకరువు పెడుతున్నాడు. ఎర్రదాంట్లో బాగుందన్నది తెల్లదాంట్లో లేదంటాడు, తెల్లదాంట్లో ఉన్నది ఎర్రదాంట్లో అక్కర్లేదంటాడు. ఇంతకీ ఏది మంచిదంటే రెండూ మంచివేనట. మహిమ తల గిర్రున తిరిగింది. ఒళ్ళోని పిల్ల మాత్రం నోరు తెరిచి, భుజాలు ఎగరేస్తూ, దగ్గకుండా బిగబట్టుకుంటోంది. ఆ బిగబట్టడం చూసి మహిమ ఇక ఆగలేకపోయింది.

"ఆపండ్రి! ముందు ఆపండ్రి బండి!"

రోడ్డు పక్కన దిగి, సంచిలోంచి పీల్చే మందు తీసి పిల్ల నోటికి పెట్టింది. పిల్లికూతలు జయరాజ్‌కు కూడా వినబడ్డాయి.

"ఎప్పటి సంది?"

"ఎర్ర కారు సంది."

"మరి చెప్పవేంది?"

"టెస్టు గదా..."

"ఎవరికి?"

"మనకే గదా! నీ లైసెన్స్ గుంజుకున్నరు, నన్ను గన్ని ప్రశ్నలడిగిన్రు. పిల్లకు బాగలేదంటే కారియ్యరేమోనని..."

జయరాజ్‌కు నవ్వాలో తిట్టాలో తోచలేదు. నాగచైతన్యకు నవ్వొచ్చింది కానీ, పిల్ల మొహం చూసి మింగేశాడు. "టెస్టు కారుకు మేడం. మీరే మార్కులెయ్యాలె" అన్నాడు మెల్లగా.

మహిమ బిత్తరపోయింది. తను పంతులమ్మట! అది ఇంకా కష్టమయింది. రాసేటప్పుడు ఏదో ఒకటి రాయొచ్చు, దిద్దాలంటే సరైన జవాబు తెలిసుండాలి కదా.

పిల్ల తేరుకున్నాక, తెల్ల కారు అప్పజెప్పి ఇద్దరూ రోడ్డు మీదికి నడిచారు. "బండి మీద దుమ్మాయె, కారుల కంపాయె" అన్నాడు జయరాజ్. "మరి వాన పడ్డనాడు పిల్లను దేంట్ల తీసుకపోదం మహీ?" మహిమ పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది.

ఇల్లందులో వాళ్ళ చర్చిలో గిటారు వాయించే క్రాంతికుమార్ అదే రోడ్డులో ఇంకో షోరూమ్‌లో పనిచేస్తాడు. వస్తామని మాటిచ్చారు కాబట్టి, ఆశ లేకపోయినా వెళ్ళారు. "వందనాలన్నా, వందనాలక్కా" అంటూ వచ్చి తల గోక్కున్నాడు. "నడిపి చూపే కొత్త డెమో కారు ఇంకా రాలేదన్నా. పాతదే ఉంది. జర గీతలు పడ్డయి."

జరేంది, చాలానే పడ్డాయి. బూడిద రంగు కారు. స్టీరింగ్ ఎందరి చేతులో పడి నున్నబడింది. కాళ్ళ కింది పట్టా ఒకచోట చిరిగింది. మహిమ ముందు తల ఒక్కటే లోపలికి పెట్టి వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఏమీ లేదు. సెంటు సీసా ఖాళీగా వేలాడుతోంది, నింపే దిక్కు లేనట్టు.

బైపాస్ దాకా పోయారు. మహిమ అద్దాలు మూయమంది. ఏసీ వేయమంది. పిల్ల వీపుకు చెవి ఆనించి వింది. నమ్మకం కుదరక, "ఇంకో చుట్టు తిప్పు" అంది. ఇంకో చుట్టులో హెప్సిబా నోరు మూసుకుని, ముక్కుతోనే గాలి పీలుస్తూ నిద్రపోయింది.

షోరూమ్ ముందు ఆపాక క్రాంతికుమార్ వెనక్కి తిరిగి, "నచ్చిందా అక్కా? బుక్ చేస్తే కొత్తది జల్దీ తెప్పిస్త" అన్నాడు.

"కొత్తదానికి వాసనొస్తదా?"

"కొత్త కారంటేనే వాసనక్కా! నెలలకొద్దీ ఉంటది. దానికోసం సీట్ల కవర్లు గూడ చింపరు కొంతమంది."

"అయితే ఇదియ్యి."

క్రాంతికుమార్ నోరు తెరిచాడు. "ఇది డెమోదక్కా. తల్లాడ నుంచి, కల్లూరు నుంచి వచ్చినోళ్ళందరూ నడిపిన్రు దీన్ని."

"నడిపితేనే గదా వాసన పోయింది."

జయరాజ్ గొంతు తగ్గించాడు. "కొత్త కారని కాలనీ అంతా చెప్పిన మహీ. పాస్టరుగారు ప్రార్థన చేసేందుకు వస్తమన్నరు."

"గీతలున్న కారుకు ప్రార్థన చెయ్యరా?"

క్రాంతికుమార్ కిసుక్కున నవ్వి, "అమ్మడమైతే అమ్ముతరన్నా, గానీ కొత్త డెమో వచ్చినాకనే. మేనేజరు సార్‌ను అడగాలె" అన్నాడు. జయరాజ్ స్టీరింగ్ వదిలాడు. అద్దంలో పిల్ల మూసిన నోటిని చూశాడు. చూసి, తలుపు చప్పుడు కాకుండా తీసుకుని దిగి, లోపలికి వెళ్ళాడు.

అతను అటు పోయాడో లేదో, ఇటు కల్లూరు నుంచి బసవపున్నయ్య అనే పెద్ద రైతు, భార్య పద్మావతమ్మతో సహా డెమో కారు కోసం వచ్చి నిలబడ్డాడు. ఉన్నది ఈ ఒక్క బండే.

"అక్కా, జర దిగుతవా? సారోళ్ళు చూస్తరట" అన్నాడు క్రాంతికుమార్ మొహమాటంగా.

"పిల్ల పండుకుంది. లేపను."

"అది కాదక్కా..."

"నేను దిగ. వాళ్ళనే ఎక్కమను."

పద్మావతమ్మ వంగి చూసింది. పిల్లను చూసి, మొగుడితో "ఎక్కండి, ఆ అమ్మాయి మనకేం బరువా?" అంటూ పక్కన సర్దుకు కూర్చుంది. బసవపున్నయ్య స్టీరింగ్ పట్టాడు. క్రాంతికుమార్ చేసేదేమీ లేక ఆయన పక్క సీట్లో కూలబడ్డాడు.

కారు కదిలింది. అద్దాల వెనక జయరాజ్ చేతులు తిప్పుతూ మేనేజరుతో ఏదో చెప్తున్నాడు. మేనేజరు తలూపుతున్నాడో అడ్డంగా తిప్పుతున్నాడో మహిమకు తెలియనే లేదు, మలుపు వచ్చేసింది.

"బండి తేలిగ్గానే ఉందే!" అని బసవపున్నయ్య ముచ్చటపడ్డాడు. "ఏమ్మా, ఇందాక మీరూ తిరిగారుగా, ఎలా ఉందంటావు?"

మహిమ గతుక్కుమంది. బాగుందంటే ఈయన ఇదే కావాలని పట్టుబడతాడేమో. బాగలేదంటే అబద్ధం, అదీ పిల్ల హాయిగా నిద్రపోతుండగా. హెప్సిబా తలను రొమ్ముకు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"మెల్లగ పోనియ్యి పెద్దయ్యా" అంది. "గతుకులొస్తున్నయి."