తలుపు చాటు రొట్టె

జూలూరుపాడు సంతకొచ్చిన ద్వాలి, పనిలో పనిగా కొడుకింటికి వచ్చి మనవరాలి జబ్బ పట్టి చూసింది.

"ఏందే బాలీ, పిల్ల చీపురుపుల్ల లెక్కయింది! వచ్చే సంతకు మళ్ల వస్త. గప్పుడు కూడా గిట్లనే ఉంటే నా ఎంట తండాకు తోల్కపోత."

కొడుకు హాతీరాం తల ఊపాడు. కోడలు బాలి పిల్లను దగ్గరికి లాక్కుంది.

హాతీరాంకి ఫారెస్టాఫీసులో అటెండరు పని దొరికి, తండా విడిచి కిరాయి గదిలోకి వచ్చి ఏడాదైంది. అప్పటినుంచీ బాలి నాలుగేళ్ల కూతురు గోరిని ఆఫీసరు బిడ్డలా పెంచుతోంది. గౌను మాస్తుందని మట్టిలో దిగనివ్వదు. చాప మీద కూర్చోబెట్టి, ట్రాన్సిస్టరు పెట్టి, పాలన్నం, బన్ను, బిస్కెట్లు. పక్కింటి టీచరమ్మ పిల్లలు అవే తింటారు మరి. కదలకుండా కూర్చున్న పిల్లకు ఆకలెక్కడిది? గోరి రెండు ముద్దలకే నోరు బిగించేది.

ఆ వారమంతా బాలి బతిమాలింది, బెదిరించింది, ఏడ్చింది కూడా. పిల్ల మూడో ముద్ద ముట్టలేదు.

సంత రేపనగా, మధ్యాహ్నం పిల్ల నిద్రపోయిందనుకుని బాలి రోజూలాగే తలుపు చాటున చేరింది. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. ఎవరన్నా చూస్తే తండావాళ్లని నవ్వుతారని ఆమె భయం.

"యాడీ, ఏంది తింటున్నవ్?" గోరి లేచి కూర్చుని అమ్మనే చూస్తోంది.

బాలి రొట్టెను కొంగు కింద దాచింది. "ఏం లేదు బిడ్డా. నీకు బన్నుంది కదా."

"నాకు గదే గావాలె."

ఏడాదిలో ఆ పిల్ల నోరు తెరిచి తిండి అడగడం అదే మొదలు. బాలి ముక్క తుంచి ఇచ్చింది. గోరి నమిలింది, కారానికి కేకపెట్టింది, బోరింగు దగ్గరికి ఉరికి తడిసి ముద్దయి మళ్లీ వచ్చింది. "ఇంకో ముక్క!"

తెల్లారి, అత్త తోల్కపోతానన్నందుకు పిల్ల బట్టలు మూటగట్టి ఉంచినా, బాలికి ఆశ చావలేదు. అత్త రాగానే రొట్టె తుంచి గోరి చేతిలో పెట్టింది. అత్త చూడాలని. గోరి రొట్టె పట్టుకుని నేరుగా తలుపు చాటుకు పోయి ముడుచుకు కూర్చుంది.

"గా మూలకెందుకే?" అంది ద్వాలి.

"రొట్టె గీడనే తినాలె దాదీ. ఎవరన్న చూస్తరు."

బాలికి తల కొట్టేసినట్టయింది. వారమంతా బతిమాలి నేర్పింది ఒక్కటీ అంటలేదు. నేర్పనిది ఒక్కరోజులో అంటింది.

ఆమె పిల్లను, పళ్లేన్ని తెచ్చి నడి వాకిట్లో కూర్చుంది. అటుగా పోతున్న టీచరమ్మ ఆగి చూసింది. బాలి చెవులు వేడెక్కాయి, అయినా లేవలేదు. రొట్టె తుంచి తాను తింది, పిల్లకు పెట్టింది. సగం తిని గోరి మట్టిలోకి ఉరికింది. బాలి వెనక్కి పిలవలేదు.

ద్వాలి కోడలి పక్కన చతికిలబడి తనూ ఒక ముక్క తుంచుకుంది.

"జల్దీ ఆ మూట విప్పు. పిల్ల గౌను మాసింది, మార్చాలె."