అరువు వేలు

మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. కాగితంలో పది పాయింట్ ఎనిమిది అని ఉంది. ఉండాల్సిన దానికి ఎంతో ఎక్కువ. అక్క షుగరు మీటర్లో మాత్రం నలభై రోజులుగా నూట పది, నూట పదిహేను, తొంభై ఎనిమిది. ఆ అంకెలు చూసే ఆయన కిందటి నెల మాత్రలు సగానికి తగ్గించాడు.

"ల్యాబులో ఎవరి రక్తమో కలిసిపోయి ఉంటుంది," అన్నాడు చివరికి. రెండు వారాలాగి మళ్ళీ తీయిద్దామని, అప్పటిదాకా మాత్రలు సగమే వేసుకోమని చెప్పాడు. బావ తల ఊపాడు. అక్కా ఊపింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. తప్పు ల్యాబుది కాదని అక్కకీ నాకూ తెలుసు.

అక్కా నేనూ బట్టలు సరిచేసే కొట్లో పక్కపక్కనే కుడతాం. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం మా పని. అక్కకి షుగరొచ్చి మూడేళ్ళయింది. మధ్యాహ్నం తిన్న రెండు గంటలకి కొట్లోనే వేలు గుచ్చి చూసుకుంటుంది. సాయంత్రం బావ మీటర్లోంచి అంకె చూసి ఫ్రిజ్‌మీద అంటించిన కాగితంలో రాస్తాడు. ఆయన బస్సు డిపోలో బళ్ళు వచ్చిన వేళా పోయిన వేళా రాస్తుంటాడు. వేళకొచ్చిన బండికి నీలం సిరా, ఆలస్యమైన బండికి ఎరుపు. ఇంట్లోనూ అదే అలవాటు.

బావ మంచివాడు. కోప్పడడు. నీలం అంకె రోజున "ఇవాళ పాసయ్యావోయ్" అని నవ్విస్తాడు. ఎర్ర అంకె రోజున ఏమీ అనడు. సగం తిని లేచిపోతాడు. ఒకసారి వరసగా తొమ్మిది రోజులు ఎర్రసిరాయే. పదో రోజు మధ్యాహ్నం అక్క కత్తెర పక్కన పెట్టి, "నీ వేలు ఇటివ్వు," అంది. ఎందుకని అడగకుండా ఇచ్చాను. కొత్త సూది వేసి గుచ్చింది. నూట ఆరు వచ్చింది. ఆ సాయంత్రం బావ రెండోసారి వడ్డించుకుని తిన్నాడు.

మర్నాడు అక్క అడగనైనా లేదు. చెయ్యి చాపింది, దారం అందించినట్టు నేను వేలు అందించాను. కుట్టుపనివాళ్ళ వేళ్ళకి సూదిపోట్లు మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మాత్రలు తగ్గించాక అక్క సీసాలు సీసాలు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. కుర్చీలోంచి లేస్తూ చెప్పు కోసం కాలితో తడుముకునేది. చెప్పు కాలికే ఉండేది. అది చూసి కూడా నేను వేలివ్వడం మానలేదు.

డాక్టరు ఎన్ని అడిగినా అక్క "బాగానే ఉన్నానండీ" అన్న మాట దాటలేదు. అందుకే కాబోలు, వెళ్ళేముందు పక్క గదిలో కౌన్సెలరుని కలవమని చీటీ రాశాడు. బయట బెంచీమీద కూర్చునేవాళ్ళు ఆవిడని మాటల మేడమ్ అంటారు. మా ముందున్న ముసలాయన, "అక్కడ సూది ఉండదమ్మా, నోరు తెరిపిస్తారంతే. నాకు సూదే నయమనిపించింది," అన్నాడు.

ఆ గది అంతకుముందు సామాన్లు పెట్టుకునేది. మూలన బరువు చూసుకునే పాత మిషను ఇంకా ఉంది. మాటల మేడమ్ మందుల గురించి, తిండి గురించి అడగలేదు. పని ఎలా ఉంటుంది, నిద్ర పడుతోందా అని అడిగింది. అన్నిటికీ అక్క బాగానే అంది. తర్వాత ఆవిడ, మీటర్లో అంకె చూసినప్పుడు ఏమనిపిస్తుందని అడిగింది.

అక్క సంచీ ఒళ్ళోకి లాక్కుంది.

"ఏమీ అనిపించదండీ. ఈయన మొహం కనపడుతుంది."

బావ కుర్చీలో ముందుకు జరిగాడు. "నేనేమన్నాను? ఎప్పుడైనా ఒక్క మాటన్నానా?"

"అనరు," అంది అక్క, బట్ట కొలత చెప్పినట్టు.

మేడమ్ ఎవరి పక్షమూ మాట్లాడలేదు. అంకెకి భయపడి మీటరుని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఎక్కడ దాచాడో తనే మర్చిపోయిన ఒకాయన వారం వారం అక్క కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటాడని చెప్పింది. రోజూ అదే పని, సెలవన్నది లేదు, మనిషన్నాక విసుగొస్తుంది అంది. అక్క పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వనుకోవచ్చు. వేలి సంగతి మాత్రం బయటికి రాలేదు. మేడమ్ రెండు వారాలకి మళ్ళీ రమ్మంది. అక్క సంచీ భుజానికి తగిలించుకుంది. అంటే ఇంకో పద్నాలుగు రోజులు సగం మాత్రలే.

"ఆ అంకెలు నావి," అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. ఎడమచెయ్యి బల్లమీద పెట్టాను. వేళ్ళ పక్కల చుక్కలు చుక్కలుగా గాట్లు ఉన్నాయి. నలభై రోజులుగా గుచ్చుతున్నది నా వేలేనని, అక్కకి మాత్రలు సరిపోవట్లేదని, కాలికి చెప్పున్నదీ తెలియట్లేదని చెప్పాను. అక్క గోడకేసి చూస్తూ కూర్చుంది.

బావ అక్క వైపు తిరిగాడు. "ఎందుకే?"

"మీరు తింటారని," అంది అక్క.

ఆయన నా వేళ్ళకేసి చూశాడు.

మేడమ్ ఎవర్నీ తిట్టలేదు. లేచి డాక్టరు గదికి వెళ్ళి, పాత మోతాదు రాయించుకొచ్చింది. కాళ్ళు కూడా చూపించుకుని వెళ్ళమంది. రెండు వారాలపాటు ఇంట్లో ఎవరూ అంకె అడక్కూడదని, ఫ్రిజ్‌మీది కాగితం తీసెయ్యాలని బావకి చెప్పింది. అక్కకి చిన్న నోటుపుస్తకం ఇచ్చింది. ఎంతొచ్చినా రాయాలి, పక్కగడిలో ఆ క్షణాన మనసులో ఉన్నది ఒక్క మాటలో రాయాలి. ఏమీ లేకపోతే ఖాళీగా వదిలెయ్యొచ్చు.

మర్నాడు కొట్లో అక్క నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం తన వేలు తనే గుచ్చుకుంది. రక్తం రాలేదు. రెండుసార్లు నొక్కితే చుక్క వచ్చింది. మీటరు మా ఇద్దరి మధ్యా పెట్టింది.

"ఎంతొచ్చిందో చదువు," అంది, నన్ను చూడకుండా.

"మూడు వందల రెండు."

"నాకూ అంతే కనపడుతోంది."

పుస్తకం తీసి అంకె రాసింది. పక్కగడి దగ్గర పెన్ను ఆగింది. వదిలేస్తుందనుకున్నాను. కోపం అని రాసింది, పెద్ద పెద్ద అక్షరాలతో. ఎవరిమీదో రాయలేదు. నేను అడగలేదు. ఒక ప్యాంటు తీసి అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టాను. కాసేపటికి పక్క మిషను కూడా కదిలింది.