ఈడొచ్చిన నాచు

చిట్టి పేరుకే చిట్టి. ప్రయోగశాల గుమ్మంలో తల వంచుకుని రావలసినంత పొడుగు మనిషి. అంత మనిషీ వారం రోజులుగా వేలెడంత నాచు మొక్క చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. సముద్రంలో రాళ్ల సందున దొరికింది అదొక్కటే. తర్వాత ఎంత వెతికినా రెండోది కనిపిస్తే ఒట్టు.

“ఇది కొత్త జాతి” అంటుంది చిట్టి. “కాదమ్మా, మామూలు నాచే. ఇంకా పిల్ల మొక్క, పెద్దయితే కొమ్మలేస్తుంది” అంటారు ప్రయోగశాల నడిపే మాస్టారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన ఒప్పుకోనిదే చిట్టి వ్యాసం గడప దాటదు.

తేలే దారి ఒకటుంది. ఈడొచ్చిన నాచు బీజకణాలు వదులుతుంది. ఇంత పొట్టిగా ఉండగానే వదిలిందంటే అది పిల్ల మొక్క కానట్టే. కానీ ఈ రకం నాచుకు ఒళ్లంతా కలిపి ఒకే ఒక్క కణం. ఉన్న పచ్చదనమంతా బీజాలకే ధారపోసి, ఆ పూటే చచ్చిపోతుంది. మిగిలేది తెల్లటి తోలు.

నిన్న సాయంత్రం దాని ఒంటినిండా ముదురు చుక్కలు తేలాయి. ఇక అది ఉన్న తొట్టి మీద దీపం వెలగడమే తరువాయి, వెలుగు తగిలితే బీజాలు వదిలేస్తుంది.

పక్కనే కూర్చుని మొక్క బొమ్మకు రంగు వేస్తున్నది చిట్టి వాళ్ల అన్నయ్య భార్య. ప్రయోగశాలకు బొమ్మలు గీసే ఉద్యోగం ఆవిడది.

“ఇప్పుడే తీసి కాగితానికి అద్దేయకూడదూ?” అంది వదిన.

“అద్దితే నమూనా నిక్షేపంగా ఉంటుంది. మాస్టారు మాత్రం పిల్ల మొక్కే అంటారు.”

“పోనీ, ఓ ముక్క కోసి దాచు.”

“ఒకే కణం కదా వదినా. కోస్తే లోపలిదంతా కారిపోతుందేమో.”

“ఏరికోరి నీలాంటిదాన్నే పట్టుకొచ్చావు. ముట్టుకుంటే తంటా” అని వదిన స్విచ్ మీద చెయ్యి వేసింది. “ఏం చెయ్యమంటావు?”

చిట్టికి కక్కలేక మింగలేక అయింది. ఉన్నది ఒక్కటే మొక్క.

“వెయ్యి” అంది చివరికి.

కాసేపు ఏమీ లేదు. చిట్టి తొట్టి మీదికి వంగి చూస్తోంది. అంతలో మొక్క కొసన చిన్న పగులు, అందులోంచి సన్నగా పచ్చటి పొగ. చూస్తుండగానే తొట్టి అంతా పచ్చబడింది. చిట్టి ఓ చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. వేలకు వేలు బీజాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఈదుతున్నాయి. సంతోషం పట్టలేక వదినను కుర్చీతో సహా వాటేసుకుంది.

“వదులు తల్లీ, రంగు ఒలుకుతోంది” అంటూనే వదిన కూడా కళ్లు తుడుచుకుంది.

కబురందుకుని మాస్టారు వచ్చారు. చూశారు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత తొట్టివైపు తిరిగారు. చిట్టి అప్పటికే నీళ్లలోకి కాగితం జార్చి, తెల్లటి తోలును దాని మీదికి ఎత్తుతోంది.

“పచ్చ నాచుకు తెల్ల నమూనానా? నలుగురూ నవ్వుతారమ్మా.”

“నవ్వనివ్వండి మాస్టారూ. అది తెల్లబడబట్టే కదండీ, పిల్ల మొక్క కాదని తేలింది.”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కలం మూత తీశారు.

“సరే, పేరేం పెడదాం?”

వారం రోజులుగా పడుకుంటే ఓ పేరు, లేస్తే ఓ పేరు అనుకున్న చిట్టికి ఇప్పుడు నోట ఒక్కటీ రాలేదు.